శ్రావణం నుంచి దసరా దాకా: కొత్తగా సంఘం అధ్యక్షులైనవారికి

పద్మశాలి సంఘం అధ్యక్షుడికి ఏడాదిలో చాలా నెలలు పెద్దగా పని ఉండదు. ఎవరింట్లోనైనా తగాదా వస్తే మధ్యన కూర్చోవడం, మార్కండేయ గుడి కరెంటు బిల్లు కట్టించడం, మాఘ శుద్ధ తదియ నాడు మార్కండేయ జయంతి జరిపించడం, అంతే. బరువంతా శ్రావణ పాడ్యమి నుంచి విజయదశమి దాకా ఉండే ఆ రెండు నెలల పది రోజుల్లోనే పడుతుంది. యాదాద్రి భువనగిరి జిల్లాలో, పోచంపల్లికి దగ్గరలో ఉన్న మా ఊళ్ళో ఆ కుర్చీలో నేను రెండు దఫాలు కూర్చున్నాను. ఇప్పుడు దిగిపోయాను కాబట్టి సలహాలు చెప్పే తీరిక దొరికింది.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మన ఉత్సవాల కాలమూ మన మగ్గాల కాలమూ ఒకటే. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక కొట్లలో చీరలు కదలవు. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, పెళ్ళిళ్ళు, వాటి వెనకే బతుకమ్మ, దసరా. షావుకార్లు ఫోను మీద ఫోను చేసేది అప్పుడే. పైగా అది వానాకాలం. గుంట మగ్గంలో నీరు ఊరితే కాళ్ళు పెట్టలేరు. నూలు పడుగుకు (మగ్గం మీద నిలువుగా సాగే పోగులకు) గంజి పట్టించి వీధిలో చాపితే ఆరడానికి ఎండ ఉండదు. అలాంటి నెలలో దొరికే నాలుగు పొడి రోజుల్లో ఒకదాన్ని మీరు ఊరేగింపు పేరుతో తీసుకుంటారు. సన్మానమని పిలిచి మూడు గంటలు కూర్చోబెడితే ఆ నేతగాడికి మీరిచ్చే శాలువా ఖరీదు కంటే పోయిన మజూరి ఎక్కువ. ఏ కార్యక్రమానికీ లోటు రాకూడదు, ఏ మగ్గమూ ఊరికే ఆగకూడదు. అధ్యక్షుడి పనితనం తేలేది ఇక్కడే.

ఆషాఢంలోనే ముగించాల్సిన పనులు

మన కార్యక్రమాల్లో కొన్ని ఇంగ్లీషు తేదీని బట్టి వస్తాయి, కొన్ని తిథిని బట్టి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, ఆగస్టు 15, సెప్టెంబరు 21న మన చేనేత నాయకుడు కొండా లక్ష్మణ్ బాపూజీ వర్ధంతి, 27న ఆయన జయంతి. ఇవి కదలవు. వరలక్ష్మీ వ్రతం, నూలు పౌర్ణమి (శ్రావణ పౌర్ణమి), వినాయక చవితి, బతుకమ్మ, దసరా కదులుతుంటాయి. ఈ రెండు వరసలూ ఎక్కడ గుద్దుకుంటాయో పంచాంగం ముందు పెట్టుకుని చూసుకోవాలి. 2025లో చేనేత దినోత్సవం గురువారం, మర్నాడు వరలక్ష్మీ వ్రతం, ఆ మర్నాడు శనివారం నూలు పౌర్ణమి. మూడు రోజులూ వరసగా వచ్చాయి. అదే 2026లో అధిక జ్యేష్ఠం వల్ల పౌర్ణమి ఆగస్టు 28కి వెళ్తుంది, అంటే చేనేత దినోత్సవానికీ దానికీ మధ్య మూడు వారాల ఎడం. కాబట్టి "పోయినేడు ఎలా చేశామో అలాగే చేద్దాం" అనే కార్యవర్గ సభ్యుడి మాటకు తల ఊపకండి. ప్రతి ఏడూ లెక్క మొదటి నుంచి వేసుకోవాల్సిందే.

కార్యవర్గ సమావేశాలు అమావాస్య నాడు పెట్టండి. మా వైపు అమావాస్యకు మగ్గం నేయరు, కాబట్టి అడగకుండానే అందరూ దొరుకుతారు. ఆషాఢ అమావాస్య సమావేశం ముగిసేసరికి ఒక పెద్ద కాగితం మీద తేదీ, పని, ఎవరి బాధ్యత, వారు లేకపోతే ఎవరు అన్నది రాసి గుడి గోడకు అంటించాలి. నాలుగో గడి ముఖ్యం. మైల సంగతి మరిచిపోవద్దు. పాలివాళ్ళలో ఎవరైనా పోతే అధ్యక్షుడైనా సరే గుడి మెట్లెక్కకూడదు, సంకల్పంలో కూర్చోకూడదు. మన పాలివాళ్ళు సూరత్‌లోనూ భివండీలోనూ షోలాపూర్‌లోనూ చెదిరి ఉన్నారు, ఎక్కణ్ణుంచి ఏ పొద్దున కబురు వస్తుందో చెప్పలేం. ఉపాధ్యక్షుడికి ముందే చెప్పి ఉంచితే ఆ పూట గుడి ముందు వాదన ఉండదు.

పురోహితుణ్ణి ఆషాఢం మొదటి వారంలోనే మాట్లాడుకోండి. నూలు పౌర్ణమి నాడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మన కులానికి పౌరోహిత్యం చేసే ఆ పద్మబ్రాహ్మణుడే కావాలి. ఆయన ఏ వేళ చెబితే ఆ వేళకు ఒప్పుకోవడం కాదు, తెల్లవారుజామున మొదటి ఊరు మనదే కావాలని అడగండి. అందుకు సంభావన కాస్త ఎక్కువైనా ఫరవాలేదు.

ఇక శాలువాలు. దీని మీద నేను మొండివాణ్ణి. నేతగాళ్ళ సభలో, చేనేత దినోత్సవం నాడు, నలభై ఏళ్ళు మగ్గం మీద గడిపిన మనిషికి బజారులో కట్టలుగా దొరికే పాలిస్టరు శాలువా కప్పడం నేను చాలా ఊళ్ళలో చూశాను. ఒక పెద్దాయన దాని అంచును రెండు వేళ్ళతో నలిపి చూసి, పక్కనున్న మనవడికి ఇచ్చేశాడు. నేతగాడి వేళ్ళకు తెలియదా అది ఏమిటో? ఎంతమందికి సన్మానమో ముందే తేల్చుకుని, ఆషాఢంలో పని తక్కువగా ఉన్న ఇంటికి ఆ లెక్కన చిటికి (పోగులకు ముడులు కట్టి రంగు అద్ది నేసే) అంచు నూలు తువ్వాళ్ళు నేయడానికి ఇవ్వండి. ఆ నెలలో వాళ్ళకు మజూరీ దొరుకుతుంది, మనకు సరుకూ దొరుకుతుంది. ఓ నాలుగు ఎక్కువే నేయించండి, పిలవని పెద్దమనిషి ఎవరో ఒకరు వేదిక ఎక్కక మానరు.

చందా మాత్రం ఆషాఢంలో అడగవద్దు. చేతిలో డబ్బు లేని నెలలో అడిగితే ఇచ్చినవాడికీ మంట, ఇవ్వలేనివాడికీ సిగ్గు. శ్రావణంలో మొదటి మజూరి ముట్టిన మర్నాడు వెళ్ళండి. మగ్గానికి ఇంత అని సమానంగా వేయడం పాత పద్ధతి. పది మగ్గాలు నడిపే మాస్టర్ వీవర్ ఇంటి ముందు ఒక లెక్క, కూలికి నేసే ఇంటి ముందు ఒక లెక్క పెట్టడం నాకు న్యాయంగా తోచింది, అలాగే చేశాను. కొందరు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు. ఫోన్‌పేలో వేస్తామంటే సంఘం ఖాతా చూపండి, మీ సొంత నంబరు ఎప్పుడూ ఇవ్వకండి. రసీదు అక్కడికక్కడే రాయాలి.

ఆగస్టు 7

1905లో ఇదే తేదీన కలకత్తా టౌన్‌హాల్‌లో స్వదేశీ ఉద్యమం మొదలైంది. దాని గుర్తుగా 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం, మొదటిది మద్రాసులో ప్రధాని చేతుల మీదుగా జరిగింది. వేదిక మీద ఈ రెండు ముక్కలు ఎవరో ఒకరు చెబితే చాలు. ఐదుగురు వక్తలుంటే ఐదుగురూ ఇదే చెబుతారు, అందుకని ఎవరు ఏం మాట్లాడాలో ముందు రోజే పంచి పెట్టండి. ఒకరు చరిత్ర, ఒకరు బాపూజీ, ఒకరు నూలు సబ్సిడీ. మీరు మూడు నిమిషాలకు మించి మాట్లాడకండి. అధ్యక్షోపన్యాసం కోసం ఎవరూ రారు.

కార్యక్రమం ఉదయం 7 గంటలకు మొదలుపెట్టి 8:30కి ముగించండి. "ముఖ్య అతిథి పదకొండింటికి గానీ రారు కదా?" అంటారు. రానివ్వండి. ఆయన వచ్చేదాకా జనాన్ని ఎండలో కూర్చోబెట్టడమే మన సభలకున్న పెద్ద జబ్బు. జెండా, బాపూజీ చిత్రపటానికి పూలమాల, సన్మానాలు ఉదయమే అయిపోవాలి. అతిథి వచ్చినప్పుడు ఆయన్ను సభకు కాదు, ఒక ఇంటికి తీసుకువెళ్ళండి. నడుస్తున్న మగ్గం దగ్గర నిలబెట్టండి. ఆసు పోసే, అంటే చిటికి కట్టడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే, ఆడమనిషి పక్కన పది నిమిషాలు కూర్చోబెట్టండి. నాయకులకు ఇదే ఎక్కువ నచ్చుతుందని నా అనుభవం, ఫోటో కూడా బాగా వస్తుంది. వినతిపత్రం అక్కడే ఇవ్వాలి. ఒక్క పేజీ, ఒక్క కోరిక. పద్నాలుగు డిమాండ్ల కాగితం ఇస్తే అది కారు వెనక సీట్లోనే ఉండిపోతుంది.

సన్మానానికి ఎవరిని ఎంచుకోవాలన్నది అన్నిటికంటే చిక్కు. పేరున్న మాస్టర్ వీవర్లకు ఎలాగూ ఎక్కడో ఒకచోట సన్మానం జరుగుతుంది. చీర తయారయ్యేది పది చేతుల మీదుగా. ఆసు పోసేవారు, చిటికి కట్టేవారు, రంగు అద్దేవారు, పడుగు అతికేవారు, కండెలు చుట్టే ముసలమ్మ. ఒక ఏడు ఆసు పోసేవారికి, మరో ఏడు రంగు పనివారికి అని వంతు పెట్టుకుంటే ఎంపికలో కొట్లాట సగానికి తగ్గుతుంది. ఒక్క చీరకు ఆసు మీద దారాన్ని వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేకే మన జిల్లాకే చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టి దానికి ఆమె పేరు లక్ష్మి అని పెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రం కొనలేని ఇళ్ళలో ఇంకా చేత్తోనే పోస్తున్నారు. మా ఊళ్ళో మొదటిసారి అలాంటి ఒక అత్తను వేదిక మీదికి పిలిస్తే, "నేనేం నేశానని బిడ్డా, నేసింది ఆయన కదా" అంది. భర్త కింద కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు. వేదిక ఎక్కించడానికి కార్యదర్శి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

ఫ్లెక్సీ గురించి ఒక్క మాట. బతికి ఉన్నవారి ఫోటోలు వేయకండి. మార్కండేయుడు, మన కులమూలపురుషుడు భావనారుషి, బాపూజీ, కింద తేదీ, వేళ, చోటు. ఎవరి ఫోటో పెద్దది, ఎవరిది చిన్నది, ఎవరిది మరిచిపోయారు అనే పంచాయతీ పుట్టదు. అధ్యక్షుడు తన ఫోటో వేసుకోకపోతే మిగతావారు అడగడానికి నోరు రాదు.

శ్రావణంలో వచ్చే వరలక్ష్మీ వ్రతంలో అధ్యక్షుడికి పని లేదు, అధ్యక్షుడి భార్యకు ఉంది. గుడిలో సామూహిక కుంకుమార్చన మహిళా విభాగానికి వదిలేయండి. పూలు, పండ్లు, ప్రసాదం డబ్బు ముందు రోజు వాళ్ళ చేతికి ఇచ్చేసి మళ్ళీ అటు వెళ్ళకండి. లెక్క వాళ్ళే మనకంటే బాగా రాస్తారు.

నూలు పౌర్ణమి

ఇది మన పండగ. ఊళ్ళో మిగతావారికి రాఖీ పండగ, మనకు జంధ్యాలు మార్చుకునే రోజు, పోగు కట్టే రోజు. మగ్గాలు ఎలాగూ ఆగుతాయి కాబట్టి ఇవాళ మాత్రం వేళ గురించి మరీ గింజుకోనక్కరలేదు.

తెల్లవారుజామున గుడిలో అభిషేకం, గాయత్రి, జంధ్యధారణ. సంకల్పానికి కూర్చునే దంపతులు ఎవరన్నది పట్టింపుల విషయం. మనకు 101 గోత్రాలంటారు, ఊళ్ళో ఉన్నవాటిని ఒక పట్టీ రాసుకుని ఏడాదికో గోత్రం వంతున దంపతులను కూర్చోబెట్టండి. అధ్యక్షుడే ప్రతిసారీ పీటల మీద కూర్చుంటే "గుడి వాళ్ళ సొంతమైంది" అంటారు, ఆ మాటలో అబద్ధమూ లేదు.

తర్వాత పోగుబంధం. మా ఊళ్ళో పసుపు నీటిలో ముంచిన నూలు పోగులు తీసుకుని జట్లుగా విడిపోయి ఇంటింటికీ వెళ్తాం. మన వీధులతో మొదలుపెట్టకండి. ముందు మంగలి వారిల్లు, చాకలి వారిల్లు, కుమ్మరి వాడ, మసీదు పక్కన రంగుల దుకాణం, పోలీస్ స్టేషన్, బడి. మనవాళ్ళకు సాయంత్రం దాకా ఎప్పుడు కట్టినా కోపం రాదు. పోగులు కట్టడానికి పడుచువాళ్ళను పంపేటప్పుడు ఒక పెద్దవాడిని తోడు పంపండి, ఎవరిని బావ అనాలో ఎవరిని మామ అనాలో తెలిసినవాడు ఒకడుండాలి కదా.

సాయంత్రం శోభాయాత్ర. ఇందులో మగ్గం బండిదే అందం. ట్రాక్టరు ట్రాలీ మీద మగ్గం పెట్టి, ఊరేగింపు నడుస్తుండగానే ఒకరు నేస్తూ ఉండాలి, నేసిన వస్త్రాన్ని చివర స్వామికి సమర్పించాలి. చూడటానికి తేలిక, చేయడానికి కాదు. గుంట మగ్గం బండెక్కదు, చట్రం మగ్గం కావాలి. ట్రాలీ అడుగున ఇసుక బస్తాలు పరిచి, మగ్గం నాలుగు కాళ్ళకూ చెక్క మేకులు బిగించి, మోకు తాళ్ళతో ఇరువైపులా కట్టాలి. పడుగు పట్టుది వద్దు. కుదుపుకు పోగులు తెగుతుంటే నేసేవాడు అతుకుతూనే కూర్చుంటాడు. కాస్త దొడ్డు నూలు, సాదా నేత, రెండు గజాలు చాలు. అందులో మూరెడు ముందు రోజే ఇంటి దగ్గర నేసి ఉంచండి. జనం మొదటి వీధిలోనే తొంగి చూస్తారు, అప్పటికి బట్ట కనిపించాలి. నేసేవారిని ఇద్దరిని పెట్టుకోండి. ట్రాక్టరు నడిపేవాడు మాత్రం పొద్దుటి నుంచి మీ కళ్ళ ముందే ఉండాలి. ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఊరేగింపు దారి నిర్ణయించేటప్పుడు పడుగులు చాపే వీధులు చూసుకోండి. మధ్యాహ్నం దాకా ముసురు పట్టి మూడింటికి ఎండ కాస్తే, పండగైనా సరే ఎవరో ఒకరు గంజి పడుగు తెచ్చి వీధిలో చాపుతారు. రెండు రోజులుగా తడిసి ముద్దై ఉన్న పడుగు అది, మరో రాత్రి ఆగితే పాచిపోతుంది. వాళ్ళను తిట్టి లేపే హక్కు ఎవరికీ లేదు. ఊరేగింపే పక్క వీధిలోంచి తిరగాలి. అందుకే రెండు దారులు రాసి పోలీసు అనుమతి కాగితంలో రెండూ పెట్టండి. కరెంటు తీగలు ఎక్కడ కిందికి వేలాడుతున్నాయో ముందు రోజు లైన్‌మన్‌తో కలిసి నడిచి చూసుకోండి, మగ్గం బండి మామూలు బండి కంటే ఎత్తు.

డీజే పెట్టాలని కుర్రవాళ్ళు పట్టుబడతారు. నేను డప్పులు, కోలాటం అన్నాను. చివరికి కోలాటం ముందు, డీజే చివర, గుడి వీధిలోకి రాగానే డీజే బంద్ అని ఒప్పందం కుదిరింది. ఇలాంటివి కాగితం మీద రాయించుకోవడం మంచిది.

ఆ రోజు ఊళ్ళో మనవారెవరైనా పోతే? ఆ ప్రశ్న వస్తుంది, తప్పకుండా వస్తుంది. గుడిలో పూజ ఆగదు, పురోహితుడు చేసుకుపోతాడు. ఊరేగింపు ఆగుతుంది. శవం లేచేదాకా డప్పు మోగకూడదు. చీకటి పడేలోగా దహనం పూర్తయితే మగ్గం బండిని వాయిద్యాలు లేకుండా గుడి దాకా నడిపించి వస్త్రం సమర్పించవచ్చు. లేదంటే ఆ వస్త్రం మర్నాటికి. ఆ ఇంటివాళ్ళే వచ్చి "మా కోసం ఆపకండి" అని అంటారు, మన మనుషులు అలాంటివారే. అయినా ఆపండి.

మధ్యలో వచ్చేవి

ఆగస్టు 15న సంఘం భవనం, సహకార సంఘం కార్యాలయం, బడి, మూడుచోట్లా జెండాకు పిలుస్తారు. పావుగంట తేడాతో వేళలు పెట్టించుకోండి. జెండా ఖాదీదే కొనండి. 2021 చివర్లో నిబంధన మార్చి పాలిస్టరు జెండాకూ మిల్లు జెండాకూ అనుమతి ఇచ్చారు, చట్టం ఒప్పుకుంటుంది. అయినా నేతగాళ్ళ భవనం మీద పాలిస్టరు ఎగిరితే చూసేవాళ్ళు ఏమంటారు?

వినాయక చవితి కుర్రవాళ్ళది. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టి వచ్చేయండి. లడ్డూ వేలం పాటలో అధ్యక్షుడు పాడకూడదు. గెలిస్తే సంఘం డబ్బంటారు, ఓడితే పరువంటారు.

శ్రావణంలో పెళ్ళిళ్ళు విపరీతం. ఒకే ముహూర్తానికి మూడు శుభలేఖలు వస్తాయి. ఎవరి ఇంటికి స్వయంగా వెళ్ళాలి అంటే నేను ఒక నియమం పెట్టుకున్నాను: మగ్గం కూలి చేసుకునే ఇంటికి ముహూర్తానికి, ఉన్నవాళ్ళింటికి భోజనాలయ్యాక. ఉన్నవాళ్ళింట్లో ఎలాగూ జనం నిండుగా ఉంటారు, మీరు లేని లోటు వీడియోలో కూడా కనిపించదు. పేదింట్లో కులపెద్ద తలంబ్రాల వేళకు వచ్చి నిలబడితే వియ్యంకుల ముందు ఆ తండ్రికి అదొక బలం. సంఘం తరఫున చదివించే కట్నం అందరికీ ఒకటే ఉండాలి. చావు ఇళ్ళకు మాత్రం నియమం లేదు, అన్నిటికీ వెళ్ళాల్సిందే, కబురు తెలిసిన గంటలో. దహనం ఖర్చుకు వెంటనే ఇవ్వడానికి కోశాధికారి ఇంట్లో కొంత నగదు ఎప్పుడూ ఉంచండి. రాత్రి పదింటికి బ్యాంకు తెరిచి ఉండదు.

ఇంకొకటి చాలామంది కొత్త అధ్యక్షులకు తెలియదు. మనల్ని ఆశ్రయించి బతికే కళాకారులు ఉన్నారు. కూనపులివారు చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటం విప్పి మార్కండేయ పురాణం చెబుతారు. సాధనాశూరులు కనికట్టు విద్యలు చూపిస్తారు. ఏ ఊళ్ళ మీద ఎవరికి హక్కో వాళ్ళలో వాళ్ళకు పంపకం ఉంటుంది. దసరా దాటి చేతిలో నాలుగు డబ్బులాడే రోజుల్లో వస్తామని ఈ కాలంలోనే కబురు పెడతారు. "ఇప్పుడు ఎవరు చూస్తారు" అని ఫోనులో తుంచేయకండి. వాళ్ళు భిక్షకు రారు, హక్కుకు వస్తారు. మనం ఇచ్చే త్యాగం, అంటే కట్టుబడి సొమ్ము, వాళ్ళకు పూర్వం నుంచి రాసి ఉన్నది. ఉండటానికి సంఘం భవనంలో గది, వంటకు బియ్యం, పప్పు, కట్టెలు లేదా గ్యాసు. కథ రాత్రి ఎనిమిది తర్వాత, మగ్గాలు దిగాక. బడి పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆ పటం గజాల కొద్దీ పొడవుంటుంది, ఒక్కో గడీ విప్పుతూ భావనారుషి కథ దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయే పిల్లవాడు ఉండడు. త్యాగం ఎంతన్నది మొదటి రాత్రికి ముందే మాట్లాడుకోవాలి, చివరి రాత్రి బేరం ఆడటం మనకు పరువు తక్కువ.

బాపూజీ, బతుకమ్మ, దసరా

సెప్టెంబరు 21, 27 తేదీలకు ఎక్కువ హంగు చేయకండి. ఆసిఫాబాద్ వైపు వాంకిడిలో 1915లో పుట్టి, 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదులుకుని, చేనేత సహకార సంఘాలు నిలబెట్టడానికి ఊరూరూ తిరిగిన మనిషి ఆయన. పూలమాల వేసి పది నిమిషాల్లో లేచిపోకుండా, ఆ రోజే సహకార సంఘం పాస్‌బుక్కులు, బీమా కాగితాలు, గుర్తింపు కార్డులు సరిచూసే శిబిరం పెట్టండి. చదువుకున్న పిల్లలను ఇద్దరిని కంప్యూటర్‌తో కూర్చోబెడితే మధ్యాహ్నానికి చాలా ఇళ్ళ పని తేలుతుంది. 2025లో వర్ధంతి నాడే బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ పడింది. పొద్దున శిబిరం, సాయంత్రం బతుకమ్మ అని పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

బతుకమ్మ తొమ్మిది రోజులూ గుడి ముందు నేల చదును చేయించడం, లైట్లు, చెరువు దగ్గర నీటి లోతు చూసి తాడు కట్టించడం, ఇవే మీ పనులు. పాటల్లోకి తల దూర్చకండి. ఆ తొమ్మిది రోజుల్లో ఆర్డర్లు తీర్చే తొందరలో ఇళ్ళలో రాత్రి పన్నెండు దాకా మగ్గాల చప్పుడు వినిపిస్తుంది, ఏ సమావేశమూ పిలవకండి.

దసరా నాడు మగ్గానికి పూజ. మగ్గం సామాను నాడె, పలక, పన్నె కడిగి పసుపు కుంకుమ పెట్టి ఎవరింట్లో వారు చేసుకుంటారు. అధ్యక్షుడు సాయంత్రం జమ్మి దగ్గర ఉండాలి, తర్వాత పెద్దల ఇళ్ళకు వెళ్ళి జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవాలి. ఏడాదిగా మీతో మాట్లాడనివారి ఇళ్ళు ముందు పెట్టుకోండి, చీకటి పడితే తలుపులు వేసేస్తారు. 2025లో దసరా గాంధీ జయంతి రోజునే వచ్చి మాంసం, మద్యం కొట్లు మూతపడటంతో ఊరంతా గొణిగింది. నాకైతే ఆ సాయంత్రమంత ప్రశాంతంగా జమ్మి పంచిన గుర్తు ఇంకెప్పుడూ లేదు.

దీపావళి అమావాస్యలోగా లెక్కలు గోడకు ఎక్కాలి. చందా ఇచ్చినవారి పేర్లు, మొత్తం, ఖర్చులు ఒక్కొక్కటీ, టెంటు నుంచి కొబ్బరికాయల దాకా. "ఇతర ఖర్చులు" అనే వరస రాయకండి, జనం కళ్ళు ముందు పడేది దాని మీదే. డీజే డబ్బు కుర్రవాళ్ళే వేసుకుంటే అదీ రాయండి. మిగిలిన సొమ్ము బ్యాంకులో వేసి ఆ రసీదు జిరాక్సు పక్కనే అంటించండి. సన్మానానికి నేయించిన తువ్వాళ్ళలో మిగిలినవి బీరువాలో దాచితే ఎలుకలు కొడతాయి. ట్రాక్టరు తోలినవాడికి, లైన్‌మన్‌కు, గుడి ఊడ్చే అమ్మకు ఇచ్చేయండి. మార్కండేయ జయంతికి మాఘంలో మళ్ళీ కావాలి, వాటికి పుష్యంలో వేరే పడుగు వేయించుకోవచ్చు.